ఒబామా నిజంగా మనసు మార్చుకున్నాడా, ఓట్లు లెక్కేసుకున్నాడా?

గోదారోడు:
గే పెళ్ళిళ్ళ విషయంలో ఒబామా మెల్లమెల్లగా ఆలోచించి మారాడు, నిజాయితీపరుడు అని నిన్న ఇక్కడే ఒకరు రాశారు, చదివి నవ్వొచ్చింది. 1996లో ఇల్లినాయ్ స్టేట్ సెనేట్‌కి మొదటిసారి నిలబడ్డప్పుడు చికాగోలో గే పాఠకుల పేపర్ ఒకటి ప్రశ్నలు పంపితే, స్వలింగ వివాహాల్ని చట్టబద్ధం చెయ్యాలి, నిషేధించాలని చూస్తే పోరాడతా అని టైపు చేసిన జవాబు కింద సంతకం పెట్టి మరీ ఇచ్చాడు. 1998లో అడిగితే ఇంకా తేల్చుకోలేదు. 2004లో యూఎస్ సెనేట్ ఎలక్షన్ వచ్చేసరికి సివిల్ యూనియన్ (పెళ్ళి అనే పేరు లేకుండా జంటగా చట్టం గుర్తించడం) అయితే ఓకే, పెళ్ళి మాత్రం ఆడా మగా మధ్యే. 2008 ఆగస్టులో కాలిఫోర్నియాలో రిక్ వారెన్ అనే పాస్టర్ చర్చిలో స్టేజీ మీద కూర్చుని క్రైస్తవుడిగా నాకు పెళ్ళంటే పవిత్ర బంధం, అందులో దేవుడున్నాడు అన్నాడు, హాల్లో చప్పట్లు. మళ్ళీ 2012 మే 9న ఏబీసీ ఇంటర్వ్యూలో చేసుకోనివ్వాలి అన్నాడు. అంటే బయల్దేరిన చోటికే తిరిగొచ్చాడు, దీన్ని మారడం అంటారా ఎవరైనా?

అట్లాంటా అక్క:
తమ్ముడూ, మాటలన్నీ ఏరుకొచ్చావు బానే ఉంది, పనులు చూడవేం? 2008లో పెళ్ళికి నేను వ్యతిరేకం అంటూనే కాలిఫోర్నియాలో ఆ పెళ్ళిళ్ళు ఆపే ప్రొపోజిషన్ 8 వద్దన్నాడు. 2010 డిసెంబర్‌లో ఆర్మీలో గే వాళ్ళు నోరు మూసుకుని ఉండాలన్న రూల్ ఎత్తేసే బిల్లు మీద సంతకం పెట్టాడు, 2011 ఫిబ్రవరిలో పెళ్ళంటే ఆడా మగే అన్న ఫెడరల్ చట్టం డోమాని కోర్టులో మేం సమర్థించం అని ఆయన లాయర్లే చెప్పారు. ఇవన్నీ మే 2012కి ముందే కదా. మాటలు మారాయంటావా, మొదటిసారి నిలబడ్డది చికాగోలో యూనివర్సిటీ జనం ఉండే లిబరల్ ఏరియాలో, తర్వాత రాష్ట్రం మొత్తం ఓట్లు కావాలి, ఆ తర్వాత దేశం మొత్తం, ఇక చెప్పేదేముంది.

గోదారోడు:
నేనన్నదీ అదేగా అక్కా 😀 గోడమీద పిల్లి.

కర్నూలు కుర్రోడు:
ఇంకా చర్చ ఎందుకు బ్రో, ఆయన సలహాదారు డేవిడ్ యాక్సెల్‌రాడ్ 2015లో తన పుస్తకంలో రాసేశాడుగా, నల్లజాతి చర్చిల్లో వ్యతిరేకత గట్టిగా ఉందని సివిల్ యూనియన్ అనమని చెప్తే అయిష్టంగానే సరే అన్నాడని. ఒబామా ఏమో నా మనసులో ఉన్నదాన్నీ నా పొజిషన్‌నీ ఆయన కలిపేశాడు అన్నాడు. మనసు ఒకటి పొజిషన్ ఒకటి అని ఆయనే ఒప్పుకున్నట్టు కదా ఇది?

డల్లాస్ డైరీ:
మీరంతా ఆయన మనసులో ఏముందో వెతుకుతున్నారు, నాకు దాంతో పని లేదండీ. సివిల్ యూనియన్ చాలు అని ఒక లీడర్ అంటే ఆ జంట చేతికి ఏమొస్తుందో చూడండి. వెర్మాంట్ 2000లోనే సివిల్ యూనియన్ తెచ్చింది, కానీ ఫెడరల్ ప్రభుత్వం దగ్గరికెళ్తే అది చిత్తు కాగితం. హెచ్-1 మీద వచ్చిన మన పిల్లాడికి అమెరికన్ పార్ట్‌నర్ ఉన్నాడనుకోండి, 2013 జూన్ దాకా వాళ్ళు పెళ్ళే చేసుకున్నా గ్రీన్ కార్డుకి ఐ-130 (భార్యా భర్తల కోసం వేసే ఫ్యామిలీ పిటిషన్) వేసే దారి లేదు, డోమా అడ్డం. అది పోయాక కూడా సివిల్ యూనియన్ కాగితంతో ఐ-130 నడవదు, పెళ్ళి సర్టిఫికెట్ ఉండాల్సిందే. ఆ డోమా కేసు వేసిన ఎడిత్ విండ్సర్ అనే పెద్దావిడ కెనడాలో పెళ్ళి చేసుకున్న తన భార్య చనిపోతే ఆస్తి మీద 3,63,053 డాలర్లు ఎస్టేట్ టాక్స్ కట్టింది, అదే మొగుడు పోయి ఉంటే సున్నా. 2008లో ఒబామా డోమా తీసేస్తా, సివిల్ యూనియన్లకి ఫెడరల్ హక్కులన్నీ ఇప్పిస్తా అన్నాడు, నిజమే, కానీ ఆయన హయాంలో అలాంటి చట్టం రానే లేదు, చివరికి తెంపింది సుప్రీం కోర్టే, 2013లో డోమాని కొట్టేసి, 2015లో దేశం మొత్తానికి పెళ్ళి హక్కు ఇచ్చి. ఆయన మధ్యలో నిలబడి సేఫ్‌గా ఉన్నాడు, ఆ మధ్యలో నలిగింది వీళ్ళు.

అట్లాంటా అక్క:
ఈ పాయింట్ గట్టిది, కాదనను. కానీ 2008లో పెళ్ళికి సై అనుంటే గెలిచేవాడా? గెలవకపోతే సుప్రీం కోర్టులో ఆయన వేసిన జడ్జీలు సోటోమేయర్, కేగన్ ఉండేవాళ్ళు కాదు, 2013లోనూ 2015లోనూ తీర్పు 5-4 అండీ, ఆ అయిదుగురిలో వాళ్ళిద్దరూ ఉన్నారు.

గోదారోడు:
అబద్ధం ఆడి గెలిచి మంచి చేశాడంటావ్. సరే, మరి బైడెన్? 1996లో సెనేటర్‌గా డోమాకి ఓటేసినాయన, ఒబామా ఉపాధ్యక్షుడిగా 2012 మే 6న టీవీలో నాకేం అభ్యంతరం లేదు అనేశాడు, మూడు రోజుల్లో ఒబామా బయటపడాల్సొచ్చింది. ఆ మధ్యలో మే 8న నార్త్ కరోలినాలో పెళ్ళంటే ఆడా మగే అని రాజ్యాంగంలో రాయించడానికి ఓటింగ్, 61 శాతంతో పాసైంది. దాన్ని వద్దంటూ ఒబామా టీం ముందే స్టేట్‌మెంట్ ఇచ్చింది, కానీ ఆయన సొంత నోటితో పెళ్ళికి ఓకే అన్నది ఓటింగ్ అయిన మర్నాడు.

కర్నూలు కుర్రోడు:
మనవాళ్ళు ఆ మాత్రం కూడా కాదు బ్రో. 2023లో ఇండియా సుప్రీం కోర్టులో స్వలింగ వివాహాల కేసు నడుస్తుంటే కేంద్రం రాష్ట్రాల్ని అడిగింది, ఆంధ్రా, రాజస్థాన్, అసోం వద్దని రాసి పంపాయి. మన ఊరి ప్రచారంలో ఈ ప్రశ్న ఏ క్యాండిడేట్‌నైనా ఎవరైనా అడగ్గా చూశారా?

డల్లాస్ డైరీ:
అక్టోబర్‌లో ఆ తీర్పొచ్చింది, సివిల్ యూనియన్ హక్కు కూడా 3-2తో పోయింది, పార్లమెంటు చూసుకోవాలన్నారు. పార్లమెంటులో అడిగేదెవరండీ?