పాత మఠం ఇంటికి సిమెంట్ కొట్టొచ్చా? తెల్సినోళ్లు చెప్పండి

నకిరేకల్ తమ్ముడు:
మా ఊళ్లె జంగమయ్యల మఠం ఉంది, అందుల పెద్దయ్యగారు ఉన్న భవంతి ఇల్లు నిజాం కాలం నాటిది, టేకు స్తంభాలు, నడుమ వాకిలి, చుట్టూ సాయమాన్లు (వరండాలు). అయ్యగారు పోయినంక తాళం వేసిన్రు, మొన్నటి వానలకు పడమటి గోడ సున్నం గచ్చు ఊడి లోపలి మట్టి కనవడుతుంది. ఊరంత చందాలేసి బాగు చేయిద్దాం అంటున్రు, మస్తు సంతోషం అనిపించింది, కానీ మేస్త్రి మొత్తం సిమెంట్ కొట్టి కింద టైల్స్ వేద్దాం అంటుండు. నాకు మనసొప్పుతలేదు, ఏం చేయాలె?

గచ్చుపని ఇంటోడు:
తమ్మీ సిమెంట్ అస్సలు పెట్టనియ్యకు. మట్టి గోడ నేలలకెళ్లి తడి గుంజుతది, పైన సున్నం ఉంటే ఆ తడి బయటికి ఆరిపోతది, సిమెంట్ కొడితే లోపల్నే ఆగి ఉప్పు తేలి పొక్కులొచ్చి పెచ్చులు ఊడుతయ్, ఊడేటప్పుడు మట్టిని కూడ గుంజుకపోతయ్. మా నాయిన సున్నం చల్లార్చి వారాల తరబడి నానబెట్టి, ఇసుక కలిపి సున్నం రుబ్బే రాతి గానుగల తిప్పి, బెల్లం నీళ్లు కరక్కాయ నీళ్లు పోసేటోడు, చేతిల పట్టుకుంటే వెన్న లెక్క ఉండేది. గాలి తగిలి మెల్లగ గట్టిపడతది కాబట్టి పల్చగ పొర మీద పొర వేయాలె, తొందరపడొద్దు. అన్నిటికంటె ముందు పైకప్పు చూడుండ్రి, పెంకులు జరిగి నీళ్లు కారుతుంటే కింద ఎంత పెట్టినా వేస్ట్. స్తంభాల మొదట్ల చెద ఉందేమో సుత్తితోని కొట్టి చూడు, డొల్ల సప్పుడొస్తే చెడ్డ కాడికే కోసి కొత్త టేకు అతికిస్తరు, మంచి చెక్కను పారేయొద్దు.

పాలమూరు అక్క:
అన్న చెప్పింది కరెక్ట్. పని షురూ చేసే ముందే ప్రతి గోడ, ప్రతి దర్వాజ ఫోటోలు, కొలతలు తీసి పెట్టుకోండి, విప్పిన ప్రతి దూలానికి నంబర్ వేయండి. శ్రీశైలం డ్యాంల మునిగే కూడలి సంగమేశ్వర గుడిని విప్పి అలంపురంల మళ్లీ కట్టిన్రు కదా, అంత పెద్ద గుడినే నిలబెట్టినోళ్లకు ఈ ఇల్లు ఎంత?

పోచంపల్లి చేనేత:
1951 ఏప్రిల్ 18న వినోబా భావే మా ఊరికొస్తే దళితులు 80 ఎకరాలు అడిగిన్రు, వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలిచ్చిన్రు, భూదానం గట్లనే మొదలైంది. అప్పుడు వినోబా దిగిన చోటు చూడనీకి ఇప్పటికీ జనం వస్తరు. మీరు కూడ ఇల్లు బాగైనంక తాళం వేయకుండ్రి, రోజు దీపం పెట్టి ఊడ్చేటోళ్లుంటేనే చెద, ఎలుక, కారే చోటు తొందరగ దొరుకుతయ్.

నకిరేకల్ తమ్ముడు:
అందరికి శానా థ్యాంక్స్. ఫస్ట్ పెంకులు సర్దిస్తం, టైల్స్ మాట బంద్. మిర్యాలగూడ, దేవరకొండ దిక్కు సున్నం పని బాగ వచ్చిన పెద్దమనుషులు ఎవరన్న ఉంటే మెసేజ్ పెట్టండి.