ఏసీ లేని గదికి అద్దాల కంప్యూటర్ క్యాబినెట్ పనికొస్తుందా?

ప్రశ్న (గుంటూరు, మిర్చి యార్డు దగ్గర నుంచి):
తమ్ముడి వీడియో ఎడిటింగ్ కోసం డెస్క్‌టాప్ కట్టించుకుంటున్నాం. మదర్‌బోర్డు మైక్రో ఏటీఎక్స్, అంటే చిన్న సైజుది. గ్రాఫిక్స్ కార్డు మూడు ఫ్యాన్లది, పొడవు 305 మిల్లీమీటర్లు. ప్రాసెసర్ కూలర్ ఎత్తు 158. విజయవాడలో ఒక దుకాణంలో ముందూ పక్కనా అద్దాలు, రంగుల లైట్లు ఉన్న చిన్న క్యాబినెట్ చూపించారు. తమ్ముడికి తెగ నచ్చింది. "అన్నీ పడతాయి, మీరేమీ చూసుకోనక్కర్లేదు" అన్నారు. గదిలో ఏసీ లేదు. కిటికీ తెరిస్తే సాయంత్రానికి బల్ల మీద వేలితో పేరు రాయొచ్చు, అంత దుమ్ము. తీసుకోవచ్చా అండీ?

జవాబు (విజయవాడ):
దుకాణం వారి మాట అటుంచండి. ఆ క్యాబినెట్ తయారీదారు ఇచ్చిన కొలతల పట్టిక తెరిచి గ్రాఫిక్స్ కార్డు పొడవు ఎంత వరకు, కూలర్ ఎత్తు ఎంత వరకు అన్నవి చూడండి. ఇక్కడొక మెలిక ఉంది. కార్డు పొడవును చాలామంది ముందు వైపు ఫ్యాను లేదనుకుని ఇస్తారు. మామూలు ఫ్యాను మందం 25 మిల్లీమీటర్లు. అంటే 330 అని రాసి ఉన్నా, ఫ్యాను బిగించాక మిగిలేది సరిగ్గా మీ 305. కార్డును కాస్త వంచి లోపలికి దించాలి కాబట్టి అది చాలదు. 345కు తగ్గకుండా చూసుకోండి. కూలరుకు 165 ఉంటే నిశ్చింత. కార్డు పక్క నుంచి వచ్చే కరెంటు తీగ అద్దానికి నొక్కుకుని మడత పడకూడదు, దానికీ కొంత చోటు కావాలి.

చిన్న బోర్డు కదా అని చిన్న క్యాబినెట్టే కొనాలని లేదు. ఏటీఎక్స్ అనే మామూలు పెద్ద సైజు క్యాబినెట్లలో మైక్రో ఏటీఎక్స్ బోర్డు హాయిగా కూర్చుంటుంది.

ఇక అద్దం సంగతి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండలో ఏసీ లేని గదిలో మీ పెట్టె పీల్చేదే వేడిగాలి. ఎన్ని ఫ్యాన్లు పెట్టినా లోపలి వేడి గది వేడి కంటే తగ్గదు. ముందు వైపు అద్దం పెట్టి పక్కనున్న సన్నని సందుల్లోంచి గాలి లాగమంటే ఫ్యాన్లు గోల చేస్తాయి తప్ప గాలి రాదు. ముందు వైపు జాలీ ఉన్నదే తీసుకోండి. లోపలికి రెండు ఫ్యాన్లు, వెనక బయటికి ఒకటి. వచ్చే గాలి పోయే గాలి కంటే ఎక్కువగా ఉంటే, దుమ్ము సందుల్లోంచి కాక ఫిల్టర్ ఉన్న దారినే వస్తుంది, అక్కడే ఆగుతుంది.

ఆ ఫిల్టర్‌ను దుకాణంలోనే ఒకసారి ఊడదీయండి. పవర్ సప్లై కింది ఫిల్టర్ కొన్నిటిలో వెనక్కి లాగితేనే వస్తుంది. గోడకు ఆనించిన పెట్టెను ప్రతిసారీ ఎవరు జరుపుతారు? తీయడం కష్టమైతే ఎవరూ కడగరు.

మరో జవాబు (గుంటూరు, బ్రాడీపేట):
వెనక కార్డు స్లాట్ల రేకులు కూడా చూడండి. చవక క్యాబినెట్లలో విరిచి తీసే రకం ఉంటుంది, ఒకసారి విరిచాక మళ్లీ మూయలేం. ఆ సందులోంచి మా ఇంట్లో బల్లి దూరింది. మదర్‌బోర్డు మీద దాని తోక చూసినప్పటి నుంచి స్క్రూ బిగించే రేకులే కొంటున్నాను. జాలీతో ఫ్యాన్ల చప్పుడు కాస్త ఎక్కువ వినిపిస్తుంది, అది మాత్రం ముందే తమ్ముడికి చెప్పండి.

ప్రశ్న వేసినవారు:
ఫోను చేసి అడిగితే కార్డుకు 300 వరకే చోటట. ఆ క్యాబినెట్ వదిలేశాం. జాలీ ఉన్న వేరేది చూశాం, దాని ముందు వైపు యూఎస్‌బీ టైప్-సీ రంధ్రం ఉంది. పనిచేస్తుందా?

జవాబు (విజయవాడ):
మదర్‌బోర్డు మీద దానికి ప్రత్యేకమైన పిన్నుల చోటు ఉంటేనే. లేకపోతే అది అలంకారమే, దానికోసం ఎక్కువ ఇవ్వకండి. బోర్డు పుస్తకంలో చిత్రం ఉంటుంది, చూడండి. ఇంకోటి, క్యాబినెట్ రేకు ముట్టుకుంటే చేయి చురుక్కుమంటే అది చాలాసార్లు క్యాబినెట్ లోపం కాదు, గోడ సాకెట్‌లో ఎర్తింగ్ లేకపోవడం. ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. పక్క అద్దం తీసినప్పుడు టైల్స్ మీద నిలబెట్టకండి, మూల తగిలితే ముక్కలు ముక్కలవుతుంది. మంచం మీద పరుపుపై పడుకోబెట్టండి.