ఒకే ఎరుపు రంగు: ఒక రోజు వాన, ఒక రోజు వడగండ్లు. రాడార్‌కు తేడా ఎలా తెలుస్తుంది?

చీనీతోట (అనంతపురం జిల్లా):
సభ్యులందరికీ నమస్కారం. పోయిన ఏప్రిల్‌లో ఒక సాయంత్రం రాడార్ చిత్రంలో మా ఊరి మీద ముదురు ఎరుపు కనిపించేసరికి, కోతకు వచ్చిన చీనీకాయలన్నీ రాలిపోతాయని ఇంటిల్లిపాదీ భయపడ్డాము. చివరికి పడింది పెద్ద చినుకుల వాన మాత్రమే. మూడు వారాల తరువాత అదే రంగు కనిపించిన రోజున నిమ్మకాయంత వడగండ్లు పడి పక్కవారి అరటితోట పూర్తిగా దెబ్బతిన్నది. ఒకే రంగు వెనుక ఇంత తేడా ఎందుకు వస్తుంది? మేఘంలో చినుకు గడ్డకట్టడాన్ని కూడా రాడార్‌తో గమనిస్తారని తరగతిలో విన్నాను. తెలిసినవారు వివరించగలరు.

భౌతికశాస్త్రం (కడప):
మీరు చూసిన రంగు, రాడార్ పంపిన రేడియో తరంగం చినుకులను తాకి తిరిగివచ్చిన ప్రతిధ్వని బలాన్ని మాత్రమే చెబుతుంది. ఆ బలం చినుకు వ్యాసం ఆరో ఘాతాన్ని అనుసరించి పెరుగుతుంది కనుక 6 మిల్లీమీటర్ల చినుకు ఒక్కటి, 3 మిల్లీమీటర్ల చినుకులు 64 కలిసి ఇచ్చినంత ప్రతిధ్వనిని ఇస్తుంది. పైన తడిలేని మంచుగడ్డ అదే పరిమాణపు నీటితో పోలిస్తే సుమారు ఐదో వంతే పరావర్తనం చేస్తుంది, కానీ పైపొర కరిగి తడిసిన వడగల్లు దాదాపు నీటిలాగే మెరుస్తుంది. అందువల్ల ఆ ఒక్క సంఖ్యతో నీరా, మంచా అని తేల్చలేము.

ఈ చిక్కును విడదీసేది ద్వంద్వ ధ్రువణ రాడార్. అది అడ్డంగా కంపించే తరంగాన్నీ, నిలువుగా కంపించే తరంగాన్నీ పంపి రెండు ప్రతిధ్వనులను పోల్చి చూస్తుంది. పెద్ద చినుకు పడుతున్నప్పుడు గాలి ఒత్తిడికి అడుగు చదునై అడ్డంగా సాగుతుంది కనుక అడ్డపు ప్రతిధ్వని ఎక్కువగా ఉంటుంది. ఈ తేడానే జెడ్‌డీఆర్ అంటారు. వడగల్లు దొర్లుతూ పడుతుంది కాబట్టి దాని జెడ్‌డీఆర్ సున్నాకు దగ్గరగా ఉంటుంది. బలమైన ప్రతిధ్వని ఉండి, జెడ్‌డీఆర్ సున్నా దగ్గర ఉండి, రెండు తరంగాల సహసంబంధం (రెండు ప్రతిధ్వనులూ ఒకదానితో ఒకటి ఎంతగా సరిపోలుతున్నాయన్నది) కూడా తగ్గితే అక్కడ వడగండ్లు ఉన్నాయని గట్టిగా అనుమానించవచ్చు.

ఇక గడ్డకట్టే దశ, నాకు అన్నింటికన్నా ఇష్టమైన భాగం. సున్నా డిగ్రీలు దాటగానే చినుకు గడ్డకట్టదు. ఊర్ధ్వ ప్రవాహం, అంటే మేఘంలో పైకి లేచే గాలి, పెద్ద చినుకులను ఆ మట్టానికి పైకి, ఒక్కోసారి రెండు కిలోమీటర్లకు మించి, నీటిరూపంలోనే మోసుకుపోతుంది. మేఘాన్ని నిలువుగా కోసినట్టు చూపే రాడార్ చిత్రంలో అది ఎక్కువ జెడ్‌డీఆర్ గల స్తంభంలా కనిపిస్తుంది. మైనస్ 10 డిగ్రీల చినుకులో గడ్డకట్టడం మొదలైతే, వెలువడే గుప్తోష్ణం (నీరు మంచయ్యేటప్పుడు బయటికి వచ్చే వేడి) వల్ల ఎనిమిదో వంతు నీరు మాత్రమే వెంటనే మంచై చినుకు మళ్లీ సున్నా డిగ్రీలకు చేరుతుంది. మిగతా నీరు ఆ వేడిని గాలికి వదులుకుంటూ నెమ్మదిగా గడ్డకడుతుంది. పైపెంకు ముందే బిగుసుకోవడంతో లోపల వ్యాకోచించే నీరు పెంకును పగలగొట్టి మంచు తునకలను వెదజల్లడమూ ఉంది. గడ్డకట్టిన చినుకు దొర్లడం మొదలుపెట్టేచోట స్తంభం పైకొస తెగిపోతుంది. ఆ గడ్డకట్టిన చినుకే తరువాత వడగల్లుకు విత్తనం కావచ్చు.

తుంగభద్ర (కర్నూలు):
కడప సార్ చెప్పినదానికి మన ప్రాంతం సంగతి జోడిస్తాను. ఎండాకాలంలో ఇక్కడ సున్నా డిగ్రీల మట్టం సుమారు 5 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది కాబట్టి చిన్న వడగండ్లు నేలకు చేరేలోపే కరిగి పెద్ద చినుకులవుతాయి. మీ మొదటి సాయంత్రం జరిగింది బహుశా ఇదే.

రెండో కారణం దూరం. భూమి వంపు వల్ల, అర డిగ్రీ కోణంలో పంపిన కిరణం 100 కిలోమీటర్ల దూరంలో సుమారు ఒకటిన్నర, 200 కిలోమీటర్ల దూరంలో సుమారు 4 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. హైదరాబాద్ రాడార్‌కు కర్నూలు నేరుగా సుమారు 185 కిలోమీటర్లు, అనంతపురం 300 దాటుతుంది. శ్రీహరికోట రాడార్ నుంచి కూడా అనంతపురం దూరం అంతే. అంటే ఆ రాడార్లు మన మేఘం పైభాగాన్నే చూస్తాయి. వడగండ్లు కరిగే కింది భాగం వాటి చూపుకు అందదు. అనంతపురానికి దగ్గరలో ద్వంద్వ ధ్రువణ రాడార్ ఉండాలని నేను గట్టిగా కోరుకునేది ఇందుకే.

అందుకే నేల మీది పరిశీలనకు చాలా విలువ ఉంది. పడిన సమయాన్ని నిమిషంతో సహా రాసుకుని, వడగండ్లను స్కేలు పక్కన పెట్టి ఫోటో తీయండి. ఒకటి రెండు కోసి నడిమి భాగాన్ని గమనించండి. పాలలా తెల్లగా, శంకువు ఆకారంలో ఉంటే అది సాధారణంగా మెత్తని మంచు గుళికతో మొదలైనది. గుండ్రంగా, స్వచ్ఛంగా ఉంటే గడ్డకట్టిన చినుకుతో మొదలై ఉండవచ్చు.

చీనీతోట (అనంతపురం జిల్లా):
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆ రోజు మా అమ్మ ఏరి ఫ్రిజ్‌లో దాచిన వడగండ్లలో మూడు మిగిలాయి. మీ సమాధానం చదివాక ఒకదాన్ని వేడిచేసిన కత్తితో కోశాను. పొరల మధ్య జొన్నగింజంత గుండ్రని భాగం అద్దంలా స్వచ్ఛంగా ఉంది. మిగిలిన రెండింటినీ కోయకుండా ఉంచాను. పడిన సమయం సాయంత్రం 5 గంటల 20 నిమిషాలని అమ్మకు గుర్తుంది.