జువ్వలదిన్నె దగ్గర నా మోడల్‌లో ఇసుక దక్షిణానికి ఎందుకు పోతోంది?

ఒడ్డులెక్క (ఒంగోలు): కొత్తపట్నం నుంచి జువ్వలదిన్నె వరకు ఒడ్డు వెంట ఇసుక కదలికను లెక్కగడుతున్నాను. అలల సమాచారం ఈఆర్ఏ5 (పాత వాతావరణాన్ని, అలలను గంటగంటకూ తిరిగి లెక్కకట్టిన డేటా) నుంచి తీసుకుని, సీఈఆర్‌సీ సూత్రంలో (అలల శక్తిని బట్టి ఒడ్డు వెంట ఇసుక కదలికను అంచనా వేసేది) కె అనే గుణకానికి 0.39 పెట్టాను. మన తీరంలో ఏడాది నికర కదలిక ఉత్తరానికే కదా; జువ్వలదిన్నె వద్ద నాకు దక్షిణానికి వస్తోంది. పెన్నా తెచ్చే ఇసుకను లెక్కలో ఎలా కలపాలి? ఉపగ్రహ చిత్రాలతో ఎలా సరిచూడాలి?

పాతకాపు: రేవు పనుల్లో ఇరవై ఏళ్లు గడిపినవాడిగా చెబుతున్నాను, కె 0.77 ఉండాలి. ముందు అది మార్చండి.

అలజడి: పాతకాపు గారూ, 0.77 ఆర్ఎంఎస్ ఎత్తుకు (అలల ఎత్తుల వర్గాల సగటుకు వర్గమూలం) సంబంధించినది. ఈఆర్ఏ5 ఇచ్చేది సిగ్నిఫికెంట్ ఎత్తు (సుమారుగా, ఎత్తైన మూడోవంతు అలల సగటు), అది ఇంకా పెద్దది. దానికి 0.77 పెడితే ఫలితం దాదాపు రెట్టింపవుతుంది.

పాతకాపు: తమ్ముడూ, మీరు పుస్తకం చదివారు, మేము రాతికట్టలు కట్టించాము. చెన్నై రేవు కట్టాక దక్షిణాన మెరీనా మేటవేసి, ఉత్తరాన రాయపురం వైపు కోతపడిన సంగతి ఏ కె చెప్పింది?

అలజడి: ఆ సంగతిని ఎవరు కాదన్నారు? సూత్రంలో విరిగే అల ఎత్తు రెండున్నర ఘాతంలో వస్తుంది కనుక, ఎత్తు పది శాతం ఎక్కువ పడితే ఇసుక లెక్క 27 శాతం పెరుగుతుంది. ఏ ఎత్తో చూడకుండా అంకె మార్చమనడం అనుభవం అనిపించుకోదు.

మొగకాడ (మైపాడు): మీ కె సంగతి నాకు తెలియదు. సోమశిల ఆనకట్ట కట్టాక నది మోసుకొచ్చే ఇసుక అక్కడే చాలావరకు ఆగిపోతుందని మా పెద్దలు అనేవారు. మా బాధ వేరు: ఉప్పుటేటి మొగ పూడినప్పుడు, పాటు వేళ మోకాలిలోతు నీళ్లలోకి దిగి, ఇంజను పైకెత్తి, ఆరుగురం భుజాలతో పడవను నెట్టాలి. మీ మోడల్ మొగ ఎప్పుడు పూడుతుందో చెబుతుందా?

పాతకాపు: దానికి వేరే మోడల్ కావాలి. ఒడ్డును ఒకే గీతగా భావించే లెక్కలో మొగ ఇమడదు.

కోణమాని: ఇంతసేపూ కె గురించి పోట్లాడుకున్నారు గాని, కె ఒక గుణకం మాత్రమే; అది పరిమాణాన్ని మారుస్తుంది తప్ప దిశను మార్చదు. దిశను నిర్ణయించేది, విరిగే చోట అలకూ ఒడ్డుకూ మధ్య ఉండే కోణం. పెన్నా మొగ దాటాక ఒడ్డు కొద్దిగా పడమరకు ఒరిగి, రామాయపట్నం తరువాత తూర్పుకు తిరుగుతుంది. మీరు కోణం ఎక్కడ కొలిచారు?

ఒడ్డులెక్క: కొత్తపట్నం దగ్గర ఒక్కసారి కొలిచి, మొత్తానికీ అదే వాడాను.

కోణమాని: అదే తప్పు. కొత్తపట్నం కోణంతో చూస్తే ఉత్తరం నుంచి వచ్చినట్టు కనిపించే అల, జువ్వలదిన్నె ఒడ్డుకు దక్షిణం వైపు నుంచి తగులుతూ ఉండవచ్చు.

ఒడ్డులెక్క: ముక్కలుగా విడగొట్టి, ఒక్కొక్క ముక్కకూ కోణం కొలిచి మళ్లీ నడిపాను. జువ్వలదిన్నె వద్ద ఫలితం గుర్తు (ప్లస్, మైనస్) తిరిగింది, ఇప్పుడు ఉత్తరానికే వస్తోంది. పెన్నా ఇసుక మాట, ఉపగ్రహ చిత్రాల మాట ఇంకా ఎవరూ చెప్పలేదు.

పాతకాపు: చిత్రాలు తీసిన గంటకు పోటు ఉందా, పాటు ఉందా చూసుకోండి. ఒడ్డు వాలు ఇరవైకి ఒకటైతే, నీటిమట్టం ఒక మీటరు మారినా చిత్రంలో మీరు గీసే ఒడ్డు గీత ఇరవై మీటర్లు జరుగుతుంది. కె మాత్రం 0.77 అనే అంటాను.