పాత ఫోల్డర్‌లో కొత్త కోడ్: పేర్లు స్టైల్ గైడ్ ప్రకారం పెట్టాలా, చుట్టూ ఉన్న కోడ్‌ను బట్టి పెట్టాలా?

బెళ్ళందూరువాసి అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను బెంగళూరులో ఒక డేటాబేస్ జట్టులో పనిచేస్తున్నాను. మా పనికి ఆధారమైన ఒక పెద్ద ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు మేము కూడా ప్యాచ్‌లు (కోడ్ మార్పులు) పంపుతుంటాం. సి ప్లస్ ప్లస్‌లో రాసిన ఆ కోడ్‌లో, పాత ఫోల్డర్లన్నిటా క్లాసు మెంబర్ వేరియబుల్స్ పేర్ల ముందు ‘ఎం_’ ఉంటుంది; కొత్త ఫోల్డర్లలో దానికి బదులు పేరు చివర అండర్‌స్కోర్ ఉంటుంది. ప్రాజెక్టు స్టైల్ గైడ్ (కోడ్ రాసే తీరుకు నియమావళి) రెండో పద్ధతినే పాటించమంటుంది గానీ, పాత కోడ్ సంగతి ఏమీ చెప్పదు. ఇప్పుడు నేను పాత ఫోల్డర్‌లోని ఒక క్లాసుకు కొన్ని వేరియబుల్స్ చేర్చాలి. గైడ్‌ను పాటిస్తే ఒకే క్లాసులో రెండు పద్ధతులు పక్కపక్కనే కనిపిస్తాయి. పాటించకపోతే రివ్యూలో ఆ గైడ్‌నే చూపించి ప్యాచ్‌ను తిప్పి పంపుతారేమోనని సందేహం.

ఇంతకన్నా పెద్ద సందేహం మరొకటి ఉంది. అదే ఫైల్‌లో ‘గెట్_సెషన్’ అనే ఫంక్షన్ ఉంది. పేరు చూస్తే ఉన్న సెషన్‌ను వెతికి ఇస్తుందనిపిస్తుంది. నిజానికి సెషన్ లేకపోతే కొత్తది సృష్టించి, మెమరీ కేటాయించి, సెషన్ల పట్టికలో నమోదు కూడా చేస్తుంది. సెషన్ ఉందో లేదో చూడటానికి మాత్రమే దాన్ని పిలిచిన చోట్ల ఖాళీ సెషన్లు పోగవుతున్నాయి. పేరు మార్చాల్సిందేనని మా జట్టులో కొందరు, అంత పెద్ద కోడ్‌లో పేర్ల జోలికి పోవద్దని మరికొందరు అంటున్నారు. అనుభవం ఉన్నవారు దారి చూపగలరు.

కెర్నల్_చదువరి

మొదటి దానికి నా జవాబు: ఆ క్లాసులో ఏ పద్ధతి ఉందో దాన్నే పాటించండి. పైథాన్ కోసం 2001లో వచ్చిన పెప్ 8 అనే స్టైల్ గైడ్ కూడా, గైడ్‌తో పొసగడం కన్నా ప్రాజెక్టు లోపలి పొందిక ముఖ్యమనీ, అంతకన్నా ఒక మాడ్యూల్ లేదా ఒక ఫంక్షన్ లోపలి పొందిక ముఖ్యమనీ స్పష్టంగానే చెబుతుంది. మిగతా పేర్లన్నీ ‘ఎం_’తో మొదలయ్యే క్లాసులో అది లేని పేరు కంటబడితే, చదివేవారు దాన్ని లోకల్ వేరియబుల్ (ఆ ఫంక్షన్‌కే పరిమితమైనది) అనుకుని ముందుకు పోతారు. అలా తప్పించుకున్న తప్పును రివ్యూలో పట్టుకోవడం చాలా కష్టం.

‘గెట్’ విషయంలో మీ ఆందోళన సమంజసమే. లైనక్స్ కెర్నల్‌లో ‘గెట్’, ‘పుట్’ జంటగా వచ్చాయంటే సాధారణంగా మొదటిది రిఫరెన్స్ కౌంట్‌ను (ఒక వస్తువును ఎన్ని చోట్ల వాడుతున్నారనే లెక్కను) పెంచుతుంది, రెండోది తగ్గిస్తుంది. ‘గెట్’ ఉండి దానికి తగిన ‘పుట్’ కనబడకపోతే రివ్యూ చేసేవారు వెంటనే ఆగి కారణం అడుగుతారు. ఇలాంటి ఒప్పందాన్ని మోసే పేరు తప్పుదారి పట్టిస్తుంటే మార్చడం న్యాయమే, అయితే మార్చే తీరు ఒకటుంది. కెర్నల్‌లోని ‘డెల్_టైమర్’నే తీసుకోండి. టైమర్ ఫంక్షన్లకు ‘టైమర్_’ అనే ముందుమాట ఉండాలన్న ఉద్దేశంతో 6.2 వెర్షన్‌లో ‘టైమర్_డిలీట్’ వచ్చింది, పాత పేరు మాత్రం దాన్నే పిలిచే రేపర్‌గా కొనసాగింది. 2025 ఏప్రిల్‌లో, 6.15 మెర్జ్ విండో (కొత్త మార్పులను చేర్చుకునే గడువు) ముగిసే వేళ, మిగిలిన పిలుపులన్నిటినీ కాక్సినెల్ అనే పనిముట్టుతో ఒక్కసారిగా మార్చి రేపర్లను తీసేశారు. ఆ సమయానికి ఇతర విభాగాల మార్పులు చాలావరకు చేరిపోయి ఉంటాయి కనుక కాన్‌ఫ్లిక్టులు (ఒకే చోట రెండు మార్పులు ఢీకొనడం) తక్కువ.

ఒక్క సంగతి మాత్రం మరవకండి: ఖాళీ సెషన్ల బగ్ దిద్దుబాటును, పేరు మార్పును ఒకే ప్యాచ్‌లో కలపవద్దు. దిద్దుబాటును పాత విడుదల శాఖలకు కూడా తీసుకెళ్ళాల్సి వస్తుంది, అక్కడ కొత్త పేరు ఉండదు.

ఓఎంఆర్_కోడరు

పై మిత్రుడి మొదటి జవాబుతో నేను సగమే ఏకీభవిస్తాను. చుట్టూ ఉన్నదాన్నే అనుసరిస్తూ పోతే పాత పద్ధతి ఎన్నటికీ పోదు, గైడ్ కాగితానికే పరిమితమవుతుంది. 2013లో వెబ్‌కిట్ అనే బ్రౌజర్ ఇంజిన్ నుంచి విడిపోయిన బ్లింక్ (క్రోమియం బ్రౌజర్ ఇంజిన్), ‘ఎం_’ పద్ధతిని వెంటబెట్టుకుని వచ్చింది. 2017లో క్రోమియం బృందం క్లాంగ్ అనే కంపైలర్ ఆధారంగా ఒక పనిముట్టు తయారుచేసి దాన్నంతటినీ క్రోమియం పద్ధతికి మార్చింది. కంపైలర్ ప్రాజెక్టు అయిన ఎల్ఎల్‌విఎంలో మరో తీరు చూస్తాం. అక్కడ వేరియబుల్ పేర్లు పెద్ద అక్షరంతో మొదలవ్వాలన్న నియమంపై 2019లో విస్తృతంగా చర్చ జరిగింది. లింకర్ అయిన ఎల్ఎల్‌డి మాత్రం అదే ఏడాది తన పేర్లన్నిటినీ చిన్న అక్షరంతో మొదలయ్యేలా మార్చుకుంది, మిగతా కోడ్‌లో పాత నియమమే సాగింది. రెండూ నాకు సమ్మతమే, ఎందుకంటే మార్పు ఒక్కో క్లాసుకు ముక్కలుగా కాక ఒక విభాగం మొత్తానికి ఒకేసారి జరిగింది.

ఇలాంటి మూకుమ్మడి మార్పు తర్వాత గిట్ బ్లేమ్ (ఏ లైనును ఎవరు, ఎప్పుడు మార్చారో చూపే ఆదేశం) పనికిరాకుండా పోతుందనే అభ్యంతరం ఇప్పుడు అంతగా నిలవదు. 2019 ఆగస్టులో వచ్చిన గిట్ 2.23 నుంచి, కేవలం పేర్లు మార్చిన కమిట్లను ఒక ఫైల్‌లో రాసి, బ్లేమ్ వాటిని దాటవేసేలా చేయవచ్చు. పాత పద్ధతి మళ్ళీ చొరబడకుండా కోడ్‌ను పరిశీలించే క్లాంగ్-టైడీలో పేర్లను సరిచూసే తనిఖీ ఉంది, దాన్ని సీఐలో (ప్రతి మార్పుకూ తనంతట నడిచే తనిఖీల్లో) పెట్టించాలి. అసలు భారం పడేది మీలాంటి జట్ల మీద: ప్రాజెక్టుకు పంపకుండా మీ దగ్గరే ఉంచుకున్న ప్యాచ్‌లు ఉంటే, అలాంటి మార్పు జరిగాక రీబేస్‌లో (వాటిని కొత్త కోడ్‌పై మళ్ళీ అమర్చేటప్పుడు) వాటిని చేత్తో సరిదిద్దుకోవాలి. కాబట్టి వాటిని ముందే పంపించేయండి.

హెడర్_ఫైల్

ఆ ఫంక్షన్ పబ్లిక్ హెడర్‌లో (బయటివారి వాడకానికి ఇచ్చే ఫైల్‌లో) ఉందా లేదా అన్నది ఇంతవరకు ఎవరూ అడగలేదు, నిర్ణయమంతా దాని మీదే ఆధారపడుతుంది. బయటివారు వాడటం మొదలుపెట్టాక పేరు మీ చేతిలో ఉండదు. 1996 నాటి ఆర్ఎఫ్‌సి 1945 అనే ఇంటర్నెట్ పత్రంలో ‘రెఫరర్’ అనే హెచ్‌టీటీపీ హెడర్ పేరులో ఒక ‘ఆర్’ తగ్గింది, ఆ తప్పు స్పెల్లింగే నేటికీ నడుస్తోంది. పైథాన్ థ్రెడింగ్ మాడ్యూల్‌లో ‘కరెంట్_థ్రెడ్’ అనే కొత్త రూపం 2.6లోనే వచ్చినా, పాత క్యామెల్ కేస్ (మధ్యలో పెద్ద అక్షరాలు వచ్చే) రూపాన్ని వద్దని అధికారికంగా చెప్పింది 3.10లోనే.

మీ ఫంక్షన్‌కు తోబుట్టువు జావా సర్వ్‌లెట్లలో (వెబ్ సర్వర్‌లో నడిచే జావా కోడ్‌లో) ఉంది: అక్కడ ‘గెట్ సెషన్’ను వట్టిగా పిలిస్తే సెషన్ లేనప్పుడు కొత్తది పుడుతుంది, వద్దనుకుంటే ‘ఫాల్స్’ అని విడిగా పంపాలి. పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలోని ‘గెట్_ఆర్_క్రియేట్’ చేసే రెండు పనులనూ పేరులోనే చెప్పేస్తుంది, నాకు అదే నచ్చుతుంది. మీరు ‘ఫైండ్_సెషన్’, ‘ఫైండ్_ఆర్_క్రియేట్_సెషన్’ అని రెండు ఫంక్షన్లు చేర్చండి. పాతది పబ్లిక్ అయితే దాన్ని తీసేయకుండా, సి ప్లస్ ప్లస్ 14 నుంచి ఉన్న ‘డెప్రికేటెడ్’ గుర్తు తగిలించండి.

బెళ్ళందూరువాసి

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఇప్పుడే చూశాను, అది పబ్లిక్ హెడర్‌లో లేదు. కొత్త వేరియబుల్స్‌కు ‘ఎం_’ పద్ధతినే వాడతాను. ముందుగా ‘ఫైండ్_సెషన్’ను చేర్చి, కేవలం తనిఖీ కోసం పిలిచే చోట్లను దానికి మార్చే దిద్దుబాటు పంపుతాను, అది చేరాక పాత పేరు మార్పును విడి ప్యాచ్‌గా ప్రతిపాదిస్తాను.

కెర్నల్_చదువరి

సరైన క్రమం. రెండో ప్యాచ్ వివరణలో, ఆ ఫంక్షన్‌ను పిలిచే ప్రతి చోటూ సెషన్ సృష్టిని కోరుకుంటోందో లేదో ఒక్కో వాక్యంలో రాయండి. పేరు ఎందుకు మారాలో మెయింటెయినరు ఆ జాబితా చూసే నిర్ణయించుకోగలరు.