ఇంటిపేరును వంశచరిత్రకు ఆధారంగా స్వీకరించవచ్చా?

గుండ్లకమ్మ:
మా బంధువర్గంలో కొంతకాలంగా ఒక వివాదం నడుస్తోంది. మా ఇంటిపేరు ఒక ఊరి పేరు కనుక మూలపురుషుడు ఆ ఊరివాడేనని, అక్కడి గుడిలో వంశం పేరున శాశ్వత నిధి ఏర్పాటు చేయాలని పెద్దలు పట్టుదలగా ఉన్నారు. ఇంటిపేరు ఒక్కటి చూసి అంత దూరం వెళ్లడం తగదని మా తరం వారి అభిప్రాయం. మన సంగతితో పాటు ఇతర దేశాలలో ఇంటిపేర్లు ఎలా ఏర్పడ్డాయో తెలిసినవారు వివరిస్తే ఇరుపక్షాలకూ మేలు చేసినవారవుతారు.

పినాకిని:
మీ పెద్దల మాటను తేలికగా తోసిపుచ్చకండి. ఊరి పేరు ఇంటిపేరుగా స్థిరపడేది ఆ ఊళ్లో కాపురమున్నంతకాలం కాదు, ఆ ఊరు విడిచిన తరువాతనే. కందుకూరులో ఉన్నవారందరూ ఆ ఊరివారే అయినప్పుడు ఆ పేరుతో ఒక కుటుంబాన్ని వేరుచేసి పిలవవలసిన పని ఉండదు. ఆ కుటుంబం మరొక ఊరు చేరినప్పుడే అక్కడి ఇరుగుపొరుగు వారు ‘కందుకూరి వారు’ అనడం మొదలుపెడతారు. వీరేశలింగం గారు 1848లో జన్మించినది రాజమహేంద్రవరంలో. సర్వేపల్లి నెల్లూరు జిల్లాలోని గ్రామం. రాధాకృష్ణన్ గారు 1888లో జన్మించినది తిరుత్తణిలో. మోక్షగుండం గిద్దలూరు ప్రాంతంలోని ఊరు. విశ్వేశ్వరయ్య గారు పుట్టి పెరిగినది కన్నడ దేశంలో. ఆ కుటుంబం తరతరాలుగా కన్నడ దేశంలో ఉన్నప్పటికీ, ఇంటిపేరు మాత్రం వారు వచ్చిన దారిని నేటికీ చూపిస్తూనే ఉంది. ఇంతకంటే నమ్మదగిన సాక్ష్యం సామాన్య కుటుంబాలకు ఎక్కడ దొరుకుతుంది?

చరిత్ర విద్యార్థి:
పినాకిని గారి ఉదాహరణలు నిజమే కానీ, వాటినుంచి సూత్రం తీయడానికి నేను అంగీకరించను. ఇంటిపేరు ఏమి చెబుతోందని అడిగే ముందు, దానిని ఎవరు, ఎప్పుడు, ఏ అవసరం కొద్దీ నమోదు చేశారో అడగాలి. ఫిలిప్పీన్స్‌లో 1849 నవంబరులో స్పానిష్ గవర్నర్ జనరల్ క్లావెరియా ఒక ఆజ్ఞ జారీచేశాడు. అంతవరకు అక్కడి ప్రజలు తమకు నచ్చిన పునీతుల పేర్లు పెట్టుకునేవారు. ఒకే ఇంట్లో అన్నదమ్ములకు వేర్వేరు పేర్లు ఉండడం వల్ల పన్నుల వసూలు, జనాభా లెక్కలు అధికారులకు తలనొప్పిగా మారాయి. అందుచేత వేలకొద్దీ ఇంటిపేర్లను అక్షరక్రమంలో అచ్చువేసి, పుటలను రాష్ట్రాలకు, వాటినుంచి ఊళ్లకు పంచి, ఎంచుకోమన్నారు. అల్బై రాష్ట్రంలోని ఓవాస్ పట్టణంలో నేటికీ అత్యధికుల ఇంటిపేర్లు ‘ర’కారంతోనే మొదలవుతాయి. ఆ పేర్లలో స్పానిష్ మాటలు కనిపించినంత మాత్రాన వారి పూర్వీకులు స్పెయిన్ నుంచి వచ్చారనుకుంటే ఎంత పొరపాటు!

తుర్కియే (టర్కీ)లో 1934 నాటి చట్టం ప్రతి కుటుంబమూ ఒక ఇంటిపేరు స్వీకరించాలని నిర్బంధించింది; ఆ దేశపు తొలి అధ్యక్షుడు ముస్తఫా కెమాల్‌కు ‘అతాతుర్క్’ అనే పేరు వచ్చినదీ ఆ సంవత్సరమే. పరజాతులను సూచించే పేర్లను ఆ చట్టం నిషేధించింది. పర్యవసానంగా కుర్దు కుటుంబాలు కూడా తుర్కు పేర్లతోనే నమోదయ్యాయి. ప్రసిద్ధ కుర్దు నాయకుడు అహ్మెత్ తుర్క్ ఇంటిపేరే అందుకు నిదర్శనం. ఇంటిపేరును నమ్మి వంశం నిర్ణయించేవారు ఆయనను ఏ జాతిలో చేరుస్తారు?

పినాకిని:
ఆ రెండూ ప్రభుత్వం పైనుంచి రుద్దిన పేర్లు. మన ఇంటిపేర్లను ఏ చట్టమూ పుట్టించలేదు. పొరుగువారి నోట పుట్టి, పిల్లనిచ్చి పుచ్చుకునే సంబంధాలలో నిలిచాయి. ఆ పోలిక మన ఇంటిపేర్లకు వర్తించదు.

ఓరుగల్లు:
పోలిక వర్తించదన్న మాట వరకు నేను పినాకిని గారితో ఏకీభవిస్తాను. అయినా గుండ్లకమ్మ గారి సమస్య తీరదు. మొదటి చిక్కు, మన నేలమీద ఒకే పేరుగల ఊళ్లు అనేకం ఉన్నాయి. కొండాపురాలు, రామాపురాలు ఎన్ని లేవు! వాటిలో మీ వారు ఏ ఊరినుంచి బయలుదేరారో ఇంటిపేరు చెప్పదు. రెండవది, దత్తత. దత్తుడు ఇంటిపేరుతో పాటు గోత్రాన్నీ మార్చుకుంటాడు కనుక, నాలుగు తరాల వెనుక ఒక్క దత్తత జరిగినా రక్తసంబంధం ఒక ఊరిది, ఇంటిపేరు మరొక ఊరిది అవుతుంది. మూడవది, ఒకే ఊరినుంచి వేర్వేరు కులాలవారు వలస వెళ్లినప్పుడు అందరికీ ఆ ఊరి పేరే దక్కింది. ఒకే ఇంటిపేరు గలవారంతా జ్ఞాతులు కారని పెళ్లి సంబంధాలు చూసే ప్రతి పెద్దమనిషికీ తెలుసు; అందుకే వారు ఇంటిపేరుతో ఆగక గోత్రం అడుగుతారు.

ఈ విషయంలో కొరియా మనకు మిగిలిన దేశాలకంటే దగ్గర. అక్కడ కిమ్, లీ, పార్క్ అనే మూడు ఇంటిపేర్లలోనే జనాభాలో దాదాపు సగం మంది ఇమిడిపోతారు కనుక, ప్రతి పేరుకూ వంశస్థానమైన ఊరు జోడిస్తారు; గిమ్హే కిమ్ వేరు, గ్యోంగ్జు కిమ్ వేరు. ఇంటిపేరు, వంశస్థానం రెండూ ఒకటైనవారు వివాహమాడరాదనే నిషేధం చట్టంలోనే ఉండేది. 1997లో రాజ్యాంగ న్యాయస్థానం దానిని తప్పుపట్టింది. అయితే ఒకప్పుడు అక్కడ సామాన్యులలోనూ బానిసలలోనూ అనేకులకు ఇంటిపేరే లేదు. జోసన్ రాజ్యపు చివరి కాలంలో ఎందరో డబ్బిచ్చి వంశావళి గ్రంథాలలో తమ పేర్లు చేర్పించుకున్నారు. నాకు ఇందులో నిందించవలసినది ఏమీ కనిపించదు. గౌరవం నిరాకరించబడినవారు దానిని సంపాదించుకున్నారు. కానీ ఆ గ్రంథం చూపి ఇది మా రక్తం అనడానికి మాత్రం వీలులేదు.

చరిత్ర విద్యార్థి:
ఇంటిపేరు కంటే గట్టి ఆధారం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు వెళ్లిన తెలుగువారి సంతతిలో నాయుడు అనే బిరుదు ‘నాయ్‌డూ’ అనే ఇంటిపేరుగా, తాతగారి సొంత పేరు మరికొందరికి ఇంటిపేరుగా మారింది. అసలు ఇంటిపేరు చాలామందికి దక్కలేదు. అయినా వారు పూర్వీకుల ఊళ్లు వెతుక్కోగలుగుతున్నారు. ఓడ జాబితాలో ప్రతి కూలీకీ ఒక సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఎత్తు, ఒంటిమీది పుట్టుమచ్చలు వరుసగా రాయడమే అందుకు కారణం. గుమాస్తా చెవికి వినబడిన తీరులో ఊరి పేరు వికృతమైనా, తాలూకా పేరు పక్కనే ఉంటుంది కనుక సరిదిద్దుకోవచ్చు.

గుండ్లకమ్మ గారూ, మీ ఇంట పాత క్రయ దస్తావేజులు ఏవైనా ఉన్నాయా? వాటిలో ‘ఫలానా గ్రామ కాపురస్తుడు, ఫలానా వారి కుమారుడు’ అని విధిగా రాస్తారు.

గుండ్లకమ్మ:
ఉన్నాయండీ. మా పెదనాన్నగారి బీరువాలో ఆయన ముత్తాతగారి కాలం నాటి రెండు దస్తావేజులు ఉన్నాయి. వాటిలో మా ఇంటిపేరు గల ఊరి ప్రస్తావన ఉన్నదో లేదో ఇంతవరకు ఎవరూ చదివి చూడలేదు. పినాకిని గారు చెప్పిన వలస సంగతి పెదనాన్నగారికి ఎంతో నచ్చింది. ఓరుగల్లు గారు చెప్పిన దత్తత మాట వినగానే మాత్రం, తమ తాతగారి తరంలో ఒక దత్తత జరిగినట్లు విన్నానని ఆయనే స్వయంగా అన్నారు. దస్తావేజులు చదివించి, ఆ దత్తత ఏ ఇంటినుంచి జరిగిందో తేలేవరకు గుడి నిధి ప్రస్తావన ఆపడానికి పెద్దలు అంగీకరించారు.