సొంతంగా వెబ్‌సైట్లు చేసేవాళ్ళకి సందేహం: లోగోకి డబ్బు పెట్టాలా, టూల్స్‌కి పెట్టాలా?

ప్రశ్న (కావలి నుంచి)

అందరికీ నమస్కారం. ఎనిమిది నెలలుగా సొంతంగా వెబ్‌సైట్లు చేస్తున్నా. ఇప్పటికి నాలుగు అయ్యాయి: మా మామ వాళ్ళ రొయ్యల హ్యాచరీ, ఒక కల్యాణ మండపం, పళ్ళ డాక్టర్ గారి క్లినిక్, ఒక స్వీట్ షాపు. అన్నీ తెలిసినవాళ్ళ ద్వారా వచ్చినవే, బయటి నుంచి ఒక్క ఫోన్ కూడా రాలేదు. ఒక ఏజెన్సీ వాళ్ళు లోగో, విజిటింగ్ కార్డు, లెటర్‌హెడ్, పోస్టర్లు అన్నీ కలిపి 18,000 అడిగారు. అంత పెట్టాలా, లేక ఆ డబ్బుతో అడోబీ వాళ్ళ డిజైన్ సాఫ్ట్‌వేర్ తీసుకుంటే మేలా? పేరు కూడా తేలడం లేదు. నా పేరు పెడితే చిన్నవాడిలా కనపడతానేమో అని ఏదో ఒక ‘టెక్ సొల్యూషన్స్’ పెడదామనుకుంటున్నా. ఇంట్లో ఉద్యోగం చూసుకోమంటున్నారు, టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

జవాబు (ఒంగోలు నుంచి)

తమ్ముడూ, అడోబీ ఇప్పుడే వద్దు. డిజైన్‌కి ఫిగ్మా ఉచిత ప్లాన్, ఫొటోలకి జింప్, కోడ్‌కి వీఎస్ కోడ్ చాలు, మూడేళ్ళుగా నా పని వీటితోనే నడుస్తోంది. డబ్బు కట్టకుండా వాడేలా క్రాక్ చేసిన వర్డ్‌ప్రెస్ థీముల (సైట్‌కి రెడీమేడ్ డిజైన్ల) జోలికి మాత్రం పోవద్దు. వాటిలో దొంగ కోడ్ దాచి పెడతారు, రేపు కస్టమర్ సైట్ తెరిస్తే జూదం ప్రకటనలు వస్తాయి, మాట పడేది నువ్వే.

జవాబు (నెల్లూరు నుంచి)

తమ్ముడూ, టూల్స్ సంగతి అన్న చెప్పేశారు, నేను మిగతాది చెప్తా, కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదువు.

ముందు పేరు. నీ పేరే పెట్టు. మన దగ్గర షాపు వాళ్ళు పని ఇచ్చేది మనిషిని చూసి, ‘ఫలానా వాళ్ళ అబ్బాయి చేస్తాడంట’ అని. ‘టెక్ సొల్యూషన్స్’ అంటే సీసీ కెమెరాలు బిగించే షాపో, కంప్యూటర్లు బాగుచేసే షాపో కూడా అవ్వచ్చు, వెబ్‌సైట్లు చేస్తావని ఎవరికి తెలుస్తుంది? నీ పేరుతో డొమైన్ (అంటే సైట్ అడ్రస్) కొను, డాట్ ఇన్ అయినా డాట్ కామ్ అయినా పర్లేదు, కానీ మొదటి ఏడాది ఆఫర్ రేటు చూసి కాదు, రెండో ఏడాది రెన్యూవల్ రేటు చూసి కొను. కార్డు మీద, వాట్సాప్ బిజినెస్‌లో, బిల్లు మీద, సైట్ మీద పేరు ఒకే స్పెల్లింగ్‌తో ఉండాలి. లోగోకి 18,000 వద్దు. పేరుని ఒక మంచి ఫాంట్‌లో, ఒకే రంగులో రాసుకో, ఏడాది దాకా అది సరిపోతుంది.

డొమైన్ పేరుతోనే మెయిల్ పెట్టుకో. జోహో మెయిల్‌లో ఒక డొమైన్‌కి ఐదుగురి దాకా ఉచిత ప్లాన్ ఉంది, నీకు అది ఎక్కువే. ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు (మెయిల్ నిజంగా నీ డొమైన్ నుంచే వచ్చిందని చూపే సెట్టింగులు) పెట్టడం మర్చిపోకు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ ఈ విషయంలో గట్టిగా ఉన్నాయి, అవి లేకపోతే నువ్వు రాత్రంతా కూర్చొని చేసిన కొటేషన్ స్పామ్‌లోకి పోవచ్చు, అవతలి వాళ్ళు చూడనే చూడరు.

నీ సైట్‌లో నాలుగు స్క్రీన్‌షాట్లు వరసగా పెట్టి ఊరుకోకు. హ్యాచరీకి సైట్ ఎందుకు కావాల్సి వచ్చింది, రైతులు సీడ్ (రొయ్య పిల్లలు) కోసం ఫోన్ చేసి ఏం అడిగేవాళ్ళు, అది పేజీలో ఎక్కడ పెట్టావు, ఇవి నీ మాటల్లో రాయి. ఇంకో హ్యాచరీ ఆయన చదివితే ఇతనికి మన పని తెలుసు అనుకోవాలి. సైట్ ఫోన్‌లో త్వరగా తెరుచుకోవాలి. గూగుల్ వాళ్ళ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో వేగం పరీక్షించి చూడు, ముఖ్యమైన బొమ్మ రెండున్నర సెకన్లలోపు కనపడాలి. ఫోన్‌లో తీసిన ఫొటోలు అలాగే ఎక్కించకుండా వెబ్‌పీ అనే తేలికైన ఫొటో ఫార్మాట్‌లోకి మార్చి, సైజు తగ్గించి పెడితే సగం పని అయిపోతుంది.

మన దగ్గర నిజంగా పేరు తెచ్చేది ఒకటుంది, తెలుగు. చాలామంది తెలుగు పేజీ బొమ్మగా పెట్టేస్తారు, అప్పుడు గూగుల్‌కి అందులో మాటలు సరిగ్గా అందవు. షాపు వాళ్ళు ఇచ్చే కరపత్రం మేటర్ ఎక్కువగా డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్స్‌లో కొట్టినది. అది యూనికోడ్ (ఫోన్లు, సైట్లు అన్నీ చదవగలిగే అక్షరాల పద్ధతి) కాదు కాబట్టి కాపీ చేసి సైట్‌లో పెడితే పిచ్చి అక్షరాలు వస్తాయి. యూనికోడ్‌లోకి మార్చు, మార్చాక వత్తులు ఒక్కొక్కటీ కళ్ళతో చూసుకో. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు ఉచితంగా దొరుకుతాయి, వ్యాపారానికీ వాడుకోవచ్చు. వరసల మధ్య ఇంగ్లీషుకి పెట్టేదానికన్నా ఎక్కువ జాగా వదులు, లేకపోతే పై వరస వత్తు కింది వరస గుడిలో ఇరుక్కుంటుంది. స్వీట్ షాపు పేజీలో పూతరేకులు అనే మాట చక్కగా కనపడితే ఆ యజమాని తన ఫోన్ తీసి పదిమందికి చూపిస్తాడు.

గూగుల్‌లో బిజినెస్ ప్రొఫైల్ (వెతికితే, మ్యాప్‌లో చూస్తే కనపడే నీ వ్యాపార వివరాలు) పెట్టుకో, ఉచితం. నువ్వు షాపులకి వెళ్ళి మాట్లాడి పని చేస్తావు కాబట్టి ఇంటి అడ్రస్ దాచి, తిరిగే ఊర్లు మాత్రం చూపించవచ్చు. పేరులో ‘బెస్ట్ వెబ్ డిజైనర్ నెల్లూరు’ లాంటివి ఇరికించకు, ప్రొఫైల్ ఆపేస్తారు. పని అయిన రోజే కస్టమర్‌తో రివ్యూ రాయించు, వారం ఆగితే రాయరు.

ఇక అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది. రెండేళ్ళ కింద చీమకుర్తిలో గ్రానైట్ ఎగుమతి చేసే ఒకాయన నా దగ్గరికి వచ్చారు, సైట్ తెరుచుకోవడం లేదని. అంతకుముందు చేసిన అబ్బాయి డొమైన్ తన జీమెయిల్‌తో కొన్నాడు, తర్వాత ఉద్యోగానికి వేరే ఊరు పోయాడు, నంబర్ మారింది, రెన్యూవల్ మెయిళ్ళన్నీ అతనికే వెళ్ళాయి. నా దగ్గరికి వచ్చేసరికి గడువు ఎప్పుడో దాటింది, ఆ పేరు వేరేవాళ్ళు కొనేసుకున్నారు. బ్రోషర్ల మీద, కార్డుల మీద, పలకలు పంపే చెక్క పెట్టెల మీద కూడా ఆ అడ్రస్సే. ఆయన నా ముందు కూర్చొని ‘అమ్మా, డబ్బులు పోతే పోయాయి, బయటి దేశాల వాళ్ళు మెయిల్ పెడితే మాకు చేరడం లేదు’ అన్నారు. ఆ అబ్బాయికి చెడు ఉద్దేశం లేదు, కస్టమర్‌కి ఓటీపీల బాధ ఎందుకులే అనుకున్నాడు, అంతే. అందుకే చెప్తున్నా, డొమైన్, హోస్టింగ్ (సైట్ ఫైళ్ళు ఉంచే చోటు), బిజినెస్ ప్రొఫైల్ మూడూ కస్టమర్ మెయిల్‌తో, కస్టమర్ నంబర్‌తోనే తీయించు, డబ్బు కట్టాల్సిన చోట కస్టమర్ బ్యాంకు కార్డుతోనే కట్టించు. పని అప్పగించే రోజు ఆ వివరాలన్నీ ఒక కాగితం మీద రాసి చేతికివ్వు. నేను ఇస్తున్నా. నాకు బయటి నుంచి వచ్చిన పనిలో ఎక్కువ భాగం ఆ కాగితం ఇంకొకరికి చూపించినవాళ్ళ వల్లే వచ్చింది.

కావలి నుంచి

అక్కా, ఇది చదివి వెంటనే చూసుకున్నా. నాలుగింటిలో మూడు డొమైన్లు నా అకౌంట్‌లోనే ఉన్నాయి. కల్యాణ మండపానిది వచ్చే నెల రెన్యూవల్. ఇప్పుడు అడిగితే ఇన్నాళ్ళూ నీ దగ్గర ఎందుకు పెట్టుకున్నావని అంటారేమో. డబ్బు మళ్ళీ కట్టాలా?

నెల్లూరు నుంచి

అనరు నాయనా, నువ్వే వెళ్ళి చెప్తున్నావు కదా. ముందు ఆ మండపం డొమైన్ రెన్యూవల్ కట్టేయి, తర్వాత మార్చు, గడువు దగ్గర పెట్టుకొని కదిలించకు. డొమైన్ కొన్న కంపెనీలోనే వాళ్ళ పేరుతో ఒక అకౌంట్ తెరిపించి అందులోకి జరిపితే చాలు, మామూలుగా దానికి డబ్బు తీసుకోరు, వేరే కంపెనీకి మార్చే పని పెట్టుకోకు. ఓనర్ పక్కనే కూర్చొని చెయ్యి, ఓటీపీ ఆయన ఫోన్‌కే రావాలి. ఆటో రెన్యూవల్ ఆన్ చెయ్యి. మార్చాక సైట్, మెయిల్ రెండూ పనిచేస్తున్నాయో లేదో అక్కడే చూసుకొని కదులు. మూడూ అయ్యాక ఇక్కడ ఒక మాట రాయి.